పేరా చదివితే వచ్చే ఇంగ్లీషు

బడుల్లో బోధనా మాధ్యమం మారింది. పాఠ్యపుస్తకం రెండు భాషల్లో అచ్చయి వచ్చింది. అయితే ఇంగ్లీషు వ్యాకరణం, పదసంపద పిల్లలకు పట్టుబడే దారి ఏది? ఢాకాలోనూ ఫిజీలోనూ జరిగిన ప్రయత్నాలు చూపేది అర్థమయ్యే చిన్న పేరానే.

పదో తరగతి ఇంగ్లీషు ప్రశ్నపత్రంలో ఒక పేరా, దాని కింద కొన్ని ప్రశ్నలు ఉంటాయి. విద్యార్థులు దాన్ని ‘ప్యాసేజ్’ అంటారు. పరీక్ష గదిలో కాగితం చేతికి అందగానే చాలామంది చూపు పేరా మీదికి కాక నేరుగా ప్రశ్నల మీదికి పోతుంది. ప్రశ్నలో కొట్టొచ్చినట్టు కనిపించే మాటను పట్టుకొని, అదే మాట పేరాలో ఎక్కడుందో వేలితో వెతికి, అది దొరికిన వాక్యాన్ని మొదటి అక్షరం నుంచి ఫుల్‌స్టాప్ దాకా జవాబుపత్రంలోకి ఎక్కించి, విద్యార్థి తరవాతి ప్రశ్నకు వెళ్ళిపోతాడు. మార్కు పడుతుంది. ఆ పేరాలో ఎవరు ఎవరితో ఏమన్నారో, చివరికి ఏమైందో అతనికి తెలియకుండానే గంట కొడుతుంది.

ఈ పద్ధతిలో అర్థంతో పని లేదని తేల్చడానికి ఒక కల్పిత వాక్యం చాలు. ‘ది డ్రిగ్ మోఫ్డ్ ఎ టాంబర్’ అనే వాక్యంలోని ముఖ్యమైన మూడు మాటలకూ ఏ నిఘంటువులోనూ అర్థం దొరకదు. అయినా ‘వాట్ డిడ్ ది డ్రిగ్ మోఫ్?’ అని అడిగితే ‘ఎ టాంబర్’ అని రాయడానికి ఎవరికీ కష్టం ఉండదు. ఇలాంటి ప్రశ్నలకు మార్కులిచ్చే పరీక్ష కొలిచేది పిల్లల వెతుకులాటనే గాని వారి చదువును కాదు. భాష నేర్పడానికి పుట్టిన సాధనాల్లో అతి శక్తిమంతమైన చిన్న పేరా ఈ విధంగా ఏళ్ల తరబడి మార్కుల పనిముట్టుగా మిగిలిపోవడం ఇంగ్లీషు బోధనలో జరిగిన పెద్ద నష్టం.

మాధ్యమం మారిన చోట

ఈ నష్టం ఇప్పుడు మరింత బరువుగా కనిపించడానికి కారణం ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెడుతూ ఉత్తర్వు ఇవ్వగా, 2020 ఏప్రిల్‌లో రాష్ట్ర హైకోర్టు దానిని కొట్టివేసింది. వివాదం అలా సాగుతుండగానే, ఒక పేజీ తెలుగులోనూ ఎదుటి పేజీ ఇంగ్లీషులోనూ ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు బడులకు చేరాయి. తెలంగాణ 2022-23 విద్యా సంవత్సరం నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఆంగ్ల మాధ్యమాన్ని ప్రారంభించి, అదే తరహా పుస్తకాలను అచ్చు వేసింది. గణితం, విజ్ఞానం, సాంఘికం వంటి పాఠాలన్నీ ఇంగ్లీషు ద్వారా వినవలసివచ్చిన పిల్లవాడికి ఆ భాష ఒక సబ్జెక్టుగా మాత్రమే ఉండదు. అది రాకపోతే మిగిలిన సబ్జెక్టులూ అందవు.

గ్రామీణ భారతంలోని పిల్లల చదువును ఇంటింటికీ వెళ్లి పరీక్షించే ‘అసర్’ నివేదిక 2022లో చెప్పిన లెక్క ప్రకారం, అయిదో తరగతి పిల్లల్లో తేలికైన ఇంగ్లీషు వాక్యాలను చదవగలిగినవారు 24.5 శాతం, ఎనిమిదో తరగతిలో 46.7 శాతం. 2016లో ఇవే అంకెలు 24.7, 45.3గా ఉన్నాయి. అంటే ఆరేళ్లలో చెప్పుకోదగిన మార్పు రాలేదు. దేశమంతటికీ చెందిన ఈ లెక్కను ఏ ఒక్క రాష్ట్రానికో ముడిపెట్టడం న్యాయం కాదు గాని, వాక్యం చదవలేని పిల్లల ముందు వ్యాకరణ సూత్రాలు పరిచినా, పదాల జాబితాలు పెట్టినా ఫలితం ఎంత ఉంటుందన్న ప్రశ్న మాత్రం అన్నిచోట్లా ఒక్కటే.

సూత్రం ముందు, వాక్యం వెనక

తెలుగునాట ఇంగ్లీషు వ్యాకరణం అనగానే రెండు మూడు తరాల వారికి గుర్తుకు వచ్చేది రెన్ అండ్ మార్టిన్ పుస్తకం. బొంబాయి ప్రెసిడెన్సీలో విద్యాశాఖ ఉద్యోగిగా పనిచేసి, నవలా రచయితగానూ పేరు పొందిన పి.సి. రెన్, హెచ్. మార్టిన్‌తో కలిసి 1930లలో రూపొందించిన ఆ గ్రంథాన్ని తరవాతి కాలంలో సవరించి కొత్త తరాలకు అందించినవాడు ఎన్.డి.వి. ప్రసాదరావు. అంతకు ముందు నెస్‌ఫీల్డ్ వ్యాకరణం రాజ్యమేలింది. ఈ పుస్తకాలు చేసిన మేలు తక్కువది కాదు. భాషా నిర్మాణాన్ని విడదీసి, ఒక్కొక్క భాగానికి నిర్వచనం ఇచ్చి, దాని కింద అభ్యాసాలు పేర్చి, ఉపాధ్యాయుడు లేనిచోట కూడా చదువుకొనే వీలు కల్పించినవి అవే.

అయితే వాటి అభ్యాసాల్లో ఎక్కువ భాగం ఒంటరి వాక్యాలు. ఆ వాక్యానికి ముందూ వెనకా ఏమీ ఉండదు. ఎవరు మాట్లాడారో, ఎందుకు మాట్లాడారో తెలియదు. యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌గా, డైరెక్ట్ స్పీచ్‌ను ఇన్‌డైరెక్ట్‌గా మార్చడంలో ఆరితేరిన విద్యార్థి, మాట్లాడేవాడు ఎప్పుడు పాసివ్ వాడతాడో మాత్రం చెప్పలేకపోవడానికి ఇదే మూలం. మార్పిడి విధానం అతనికి తెలుసు, మార్పిడికి కారణం తెలియదు. ఆ కారణం ఒక వాక్యంలో ఉండదు. వరసగా వచ్చే వాక్యాల మధ్య ఉంటుంది. పదాల సంగతీ అంతే. పలకమీదో నోటుపుస్తకంలోనో ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు మాట రాసి బట్టీపట్టిన ‘మీనింగులు’ మర్నాటి డిక్టేషన్‌కు పనికివస్తాయి గాని, ఆ మాట ఏ మాట పక్కన నిలుస్తుందో, ఎక్కడ నప్పుతుందో, ఎక్కడ నప్పదో జాబితా చెప్పదు.

ఢాకాలో ఒక అధ్యాపకుడు వేసిన లెక్క

ఈ చిక్కును వందేళ్ల కిందటే భారతీయ తరగతి గదిలో నిలబడి ఆలోచించినవాడు మైకేల్ వెస్ట్. ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీసులో చేరి, ఢాకాలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన ఈ ఆంగ్లేయుడు, బెంగాలీ పిల్లల ఇంగ్లీషు చదువు మీద తన పరిశీలనను 1926లో ‘బైలింగ్వలిజమ్’ అనే గ్రంథంగా ప్రకటించాడు. ఆనాటి బళ్లలో చేరిన పిల్లల్లో అధిక సంఖ్యాకులు మధ్యలోనే చదువు మానేసేవారు. చదువు పూర్తయ్యే దాకా నిలిచిన కొద్దిమందికి పనికొచ్చే పాఠ్యక్రమం, మధ్యలో వెళ్ళిపోయిన పిల్లవాడికి ఏమి మిగిల్చింది అన్నది ఆయన ప్రశ్న. బీమా వ్యాపారంలోని ‘సరెండర్ వాల్యూ’ అనే మాటను ఆయన దీనికి వాడుకున్నాడు. పాలసీ మధ్యలో వదులుకున్నవాడికి కొంత సొమ్ము తిరిగి దక్కినట్లే, రెండేళ్లు చదివి మానేసిన పిల్లవాడికి కూడా ఆ రెండేళ్ల ఫలం చేతిలో మిగలాలి. మాట్లాడటం సగంలో ఆగితే దాదాపు ఏమీ మిగలదని, చదవడం మాత్రం ఎంత నేర్చుకుంటే అంత ఉపయోగపడుతుందని వెస్ట్ వాదించాడు.

ఆయన కనిపెట్టిన మరో లోపం పాఠ్యపుస్తకాల రాతలోనే ఉంది. అప్పటి వాచకాల్లో కొత్త మాటలు ఒకదాని మీద ఒకటిగా వచ్చి పడేవి. పిల్లవాడు ఒక దాన్ని తెలుసుకొనేలోగా మరో మూడు ఎదురయ్యేవి. వచ్చినది మళ్లీ కనిపించేది కాదు. అందుకు విరుగుడుగా వెస్ట్ తన ‘న్యూ మెథడ్’ వాచకాల్లో తెలిసిన మాటల నడుమ కొత్త మాటను అరుదుగా ప్రవేశపెట్టి, ప్రవేశపెట్టిన దాన్ని పదేపదే కనిపించేలా చేశాడు. నడుస్తున్న పాఠంలో దాదాపు యాభై మాటలకు ఒక్కటి మించి తెలియనిది ఉండరాదన్నది ఆయన స్థిరపడిన లెక్క.

ఈ లెక్కను మూడు తరాల తరవాత ప్రయోగం బలపరిచింది. 2000లో హు, పాల్ నేషన్ అనే పరిశోధకులు ఒక కథలోని కొన్ని మాటలను తీసివేసి, వాటి స్థానంలో అర్థంలేని మాటలు పెట్టి, ఇంగ్లీషు నేర్చుకుంటున్నవారి చేత చదివించారు. నూటికి 80 మాటలే తెలిసినప్పుడు ఒక్కరికి కూడా కథ సరిగా అర్థం కాలేదు. 90, 95 వద్ద కొందరికి అర్థమైంది. ఇతరుల సహాయం లేకుండా ఎక్కువమంది హాయిగా చదవాలంటే సుమారు 98 శాతం మాటలు తెలిసి ఉండాలని వారు తేల్చారు. నూటికి రెండు, అంటే యాభైకి ఒకటి. ఢాకా తరగతి గదుల అనుభవంతో వెస్ట్ చెప్పిన అంకె అదే.

ఈ కొలతతో చూస్తే నేటి ఉన్నత పాఠశాల పాఠం ఒక్కటి చాలు పరిస్థితి తెలియడానికి. పేరాకు పది మాటలు తెలియని పిల్లవాడు ఆ పేరాను చదవడం లేదు, విప్పుకుంటున్నాడు. విప్పుకోవడంలో అలసిపోయినవాడికి వ్యాకరణం గమనించే ఓపిక మిగలదు. తరవాత అతన్ని ఆదుకొనేది గైడు.

> ఎన్ని మాటలు వస్తే చాలు?
>
> మైకేల్ వెస్ట్ 1953లో ప్రకటించిన ‘జనరల్ సర్వీస్ లిస్ట్’లో ఎక్కువగా వాడుకలో ఉన్న సుమారు 2,000 ముఖ్యపదాలు ఉన్నాయి. సి.కె. ఆగ్డెన్ 1930లో ప్రతిపాదించిన ‘బేసిక్ ఇంగ్లీష్’ 850 మాటలతో సరిపెట్టుకుంది. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో 1959 అక్టోబరులో మొదలుపెట్టిన ‘స్పెషల్ ఇంగ్లీష్’ వార్తలు సుమారు 1,500 మాటల పరిధిలో, మామూలు కంటే నెమ్మదిగా చదివే పద్ధతిలో సాగాయి. ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో కూర్చిన విద్యావిషయక పదావళిలో 570 పదకుటుంబాలు ఉన్నాయి. పదకుటుంబం అంటే ఒక మూలపదం, దాని నుంచి పుట్టిన రూపాలు. నవలలు, పత్రికలు ఎవరి సాయం లేకుండా చదవడానికి 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు కావాలని పాల్ నేషన్ 2006లో అంచనా వేశాడు.

ముప్పై నాలుగు మాటల్లో ఎంత వ్యాకరణం

చిన్న పేరా ఏమి చేయగలదో దగ్గరగా చూడటానికి, ఏడో తరగతి పిల్లవాడికి సరిపోయే ఈ నాలుగైదు వాక్యాలను తీసుకోవచ్చు. ‘ఎన్ ఓల్డ్ ఫార్మర్ ఫౌండ్ ఎ పాట్ ఇన్ హిజ్ ఫీల్డ్. ది పాట్ వాజ్ హెవీ. హి టుక్ ఇట్ హోమ్ అండ్ షోడ్ ఇట్ టు హిజ్ వైఫ్. “సంబడీ హాజ్ బరీడ్ దిస్,” షి సెడ్. “వి మస్ట్ ఫైండ్ ది ఓనర్.”’ మొత్తం 34 మాటలు. వీటిలో ‘బరీడ్’ ఒక్కటే కొత్తదనుకుంటే, పొలం, కుండ, బరువు అన్నీ తెలిసిన పిల్లవాడు దాని అర్థాన్ని దాదాపుగా ఊహిస్తాడు.

తెలుగు పిల్లలను జీవితాంతం వేధించే ‘ఎ’, ‘ది’ల సంగతి మొదటి రెండు వాక్యాల్లోనే ఉంది. తెలుగులో ఆర్టికల్స్ లేవు. కాబట్టి వాటి అవసరం తెలుగు మనసుకు సహజంగా తోచదు. మొదటి వాక్యంలో కుండ చదువరికి కొత్తది కనుక ‘ఎ పాట్’. రెండో వాక్యంలో అది ఏ కుండో తెలుసు కనుక ‘ది పాట్’. ఇంతవరకు వ్యాకరణ పుస్తకం కూడా చెబుతుంది. కాని చివరి వాక్యంలోని ‘ది ఓనర్’ మాటేమిటి? యజమాని ప్రస్తావన అంతకు ముందు రానే లేదు. మొదటిసారి ‘ఎ’, రెండోసారి ‘ది’ అని బట్టీపట్టిన విద్యార్థి ఇక్కడ ‘ఎన్ ఓనర్’ అని రాసి తప్పు చేస్తాడు. పాతిపెట్టిన కుండ అనగానే దాన్ని పాతిపెట్టిన మనిషి ఒకరు ఉండే ఉంటారు గనుక, ఆ యజమాని చదువరి మనసులో ముందే ఉన్నాడు. ‘ది’ అంటే రెండోసారి రావడం కాదు, చెప్పేవారికీ వినేవారికీ ఏదో ఒక విధంగా తెలిసి ఉండటం. ఈ సూక్ష్మాన్ని ఒంటరి వాక్యం చూపించలేదు.

మూడో వాక్యం మరింత విలువైనది. అదే సంగతిని తెలుగువాడు ‘ఇంటికి తీసుకెళ్లి భార్యకు చూపించాడు’ అంటాడు. అందులో కర్త కనిపించడు, కుండకు సర్వనామం లేదు, ‘తీసుకెళ్లి’ అనే అసమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించకుండా తరవాతి క్రియకు అప్పగించే రూపం, రెండు పనులనూ కలిపేస్తుంది. ఇంగ్లీషు వాక్యంలో ‘హి’ తప్పదు, ‘ఇట్’ రెండుసార్లు రావలసిందే, ‘టుక్’, ‘షోడ్’ రెండూ పూర్తి క్రియలై ‘అండ్’తో ముడిపడాలి. తెలుగు వాక్యాన్ని తలలో పెట్టుకొని ఇంగ్లీషు రాసే విద్యార్థి ‘టేకింగ్ హోమ్ షోడ్ టు వైఫ్’ అని రాయడం తెలివితక్కువతనం కాదు. మాతృభాష నేర్పిన క్రమశిక్షణ అది. రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి ఉపాధ్యాయుడు ఒక్క నిమిషం తెలుగులో వివరిస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. విభక్తి తెలుగులో మాట వెనక చేరితే (‘పొలంలో’), ఇంగ్లీషులో ముందు నిలుస్తుందన్నది (‘ఇన్ హిజ్ ఫీల్డ్’) అదే నిమిషంలో దొరికే మరో సంగతి.

ఇక ‘సంబడీ హాజ్ బరీడ్ దిస్’. ‘ఎవరో పాతిపెట్టారు’ అనే తెలుగు వాక్యానికి ‘బరీడ్’ అన్నా సరిపోతుందనిపిస్తుంది. కాని రైతు భార్య మాట్లాడుతున్నది ఎప్పుడో జరిగిన సంఘటన గురించి కాదు, తన ఎదుట ఉన్న కుండ గురించి. జరిగిపోయిన పని ఫలితం ఇప్పుడు కళ్లముందు ఉంది, ఇప్పుడే ఒక నిర్ణయం తీసుకోవాలి. ప్రెజెంట్ పర్ఫెక్ట్ అనే రూపం పుట్టింది ఈ అవసరం కోసమే. ‘టెన్సుల’ పట్టికలో పన్నెండు గళ్లలో ఒక గడిగా దాన్ని చూసిన పిల్లవాడికి, అది ఒక మనిషి నోట ఒక సందర్భంలో ఎందుకు వచ్చిందో తెలిసే అవకాశం పేరాలోనే ఉంది.

ఫిజీలో పుస్తకాల వరద

తెలుగు రాష్ట్రాల పరిస్థితికి దగ్గరగా ఉన్న ప్రయోగం ఒకటి పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవుల్లో 1980లో మొదలైంది. అక్కడి గ్రామాల పిల్లలు ఇంట్లో ఫిజియనో హిందీయో మాట్లాడుతూ, నాలుగో తరగతి నుంచి ఇంగ్లీషు మాధ్యమంలో చదువుకొనేవారు. వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ అనే పరిశోధకులు నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు, తరగతికి సుమారు 250 చొప్పున బొమ్మల కథల పుస్తకాలు అందజేశారు. కొన్ని తరగతుల్లో పిల్లలు రోజూ ఇరవై ముప్పై నిమిషాలు తమంతట తాము చదివారు. మరికొన్నింట ఉపాధ్యాయుడు కథ చదివి, పిల్లలతో దాని గురించి మాట్లాడి, మళ్లీ చదివించాడు. పోలిక కోసం ఉంచిన తరగతుల్లో మాత్రం వాక్య నమూనాలను వల్లెవేయించే పాత పద్ధతి సాగింది.

ఎనిమిది నెలల తరవాత చూస్తే కథలు చదివిన పిల్లల పఠనశక్తి మామూలుగా ఆశించే వేగానికి రెండింతల వేగంతో పెరిగింది. ప్రయోగాన్ని రెండో ఏడాది కూడా కొనసాగించగా, ఆ లాభం రాయడానికీ వ్యాకరణానికీ వ్యాపించింది. వ్యాకరణ సాధనకు ప్రత్యేకించి పెట్టిన కాలం తగ్గినా వ్యాకరణం మెరుగుపడిందన్న ఈ ఫలితం 1983లో ప్రచురితమై, భాషాబోధన రంగంలో విస్తృతంగా చర్చకు వచ్చింది. పేద గ్రామాల్లో, ఇంగ్లీషు వినిపించని ఇళ్లలో, ఉన్న ఉపాధ్యాయులతోనే ఇది సాధ్యమైందన్నది మరవరాని విషయం.

దాదాపు అదే కాలంలో, 1979 నుంచి 1984 వరకు, మద్రాసులోని బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేస్తున్న ఎన్.ఎస్. ప్రభు దక్షిణ భారతదేశపు బడుల్లో మరో ప్రయత్నం నడిపాడు. బెంగళూరు ప్రాజెక్టుగా పేరుపడిన ఆ పథకంలో వ్యాకరణ పాఠాలు లేవు. రైళ్ల వేళల పట్టిక, పటం, చిన్న వివరణ వంటివి పిల్లల ముందు పెట్టి, వాటి ఆధారంగా ఆలోచించి తేల్చవలసిన సమస్యలు ఇచ్చేవారు. మనసు అర్థం మీద నిలిచినప్పుడే భాషా నిర్మాణం లోలోపల కుదురుకుంటుందన్నది ప్రభు నమ్మకం. ఆ నమ్మకాన్ని అందరూ పూర్తిగా ఒప్పుకోలేదు గాని, చేతిలో ఉన్న పాఠంతో పిల్లవాడు ఏదో ఒక పని చేయాలన్న ఆయన సూచన నేటికీ నిలిచి ఉంది.

కంటబడినంత మాత్రాన పట్టుబడదు

చదివితే చాలు, భాష దానంతట అదే వస్తుందన్న వాదానికి కూడా హద్దు ఉంది. రిచర్డ్ ష్మిత్ అనే అమెరికన్ భాషావేత్త బ్రెజిల్‌లో ఉన్న నెలల్లో పోర్చుగీసు నేర్చుకుంటూ దినచర్య రాసుకున్నాడు. తరవాత ఆ దినచర్యను, తన సంభాషణల రికార్డులను పోల్చి చూసుకుంటే ఒక సంగతి బయటపడింది. తన చుట్టూ ఎన్నోసార్లు వినిపించిన రూపాలు కూడా, వాటిని తాను ప్రత్యేకంగా గమనించిన తరవాతనే తన నోటికి వచ్చాయి. 1986లో వెలువడిన ఈ అధ్యయనం నుంచి ఎదిగినదే ‘గమనింపు’ సిద్ధాంతం. ఆర్టికల్స్ వంటి చిన్న మాటలు లేకపోయినా అర్థం తెలిసిపోతుంది కనుక చదువరి కన్ను వాటిని దాటిపోతుంది. అందుచేత అర్థం కోసం ఒకసారి చదివిన పేరాను, రూపం కోసం మరోసారి చదివించవలసిందే. ఈ రెండో చదువులో ఉపాధ్యాయుడు చెప్పే వ్యాకరణ సూత్రానికి సంపూర్ణమైన విలువ ఉంది. సూత్రం తప్పు కాదు, సూత్రం రావలసిన చోటు పేరా తరవాత.

పదం పట్టుబడటానికి కూడా ఒక్కసారి కంటబడటం చాలదు. స్టూవర్ట్ వెబ్ 2007లో జపాన్ విద్యార్థులకు కొత్త మాటలను ఒకసారి, మూడుసార్లు, ఏడుసార్లు, పదిసార్లు ఎదురయ్యేలా చేసి పరీక్షించగా, ఎదురైన కొద్దీ వర్ణక్రమం, అర్థం, ప్రయోగం అన్నీ మెరుగుపడ్డాయి. పదిసార్లు చూసినా ఆ పదం పూర్తిగా సొంతం కాలేదు. దీని వల్ల తేలేది చిన్న పేరా ఒక్కటి చదివి ఊరుకుంటే లాభం లేదని, అలాంటివి పదులకొద్దీ చదవాలని, వాటిలో మాటలు మళ్లీ మళ్లీ తిరగాలని.

చదివిన పేరాను పక్కన పెట్టి గుర్తు చేసుకోవడంలో ఉన్న బలాన్ని అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికి 2006లో కొలిచి చూపారు. ఒక చిన్న వ్యాసాన్ని రెండుసార్లు చదివిన విద్యార్థులు అయిదు నిమిషాల తరవాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. కాని వారం తరవాత, ఒక్కసారి చదివి గుర్తున్నది రాసినవారు 56 శాతం చెప్పగా, రెండుసార్లు చదివినవారు 42 శాతమే చెప్పగలిగారు. అది ఇంగ్లీషు మాతృభాషగా గలవారి మీద, విషయ జ్ఞాపకం గురించి జరిగిన పరీక్ష అయినా, పేరా చదివిన వెంటనే పుస్తకం మూసి చెప్పించే అలవాటుకు మంచి ఆధారం. రూత్ వజ్‌న్రిబ్ 1990లో ‘గ్రామర్ డిక్టేషన్’ అనే పుస్తకంలో వివరించిన అభ్యాసం దీన్ని వ్యాకరణానికి అనువుగా మలిచింది. ఉపాధ్యాయుడు చిన్న పేరాను మామూలు వేగంతో రెండుసార్లు చదువుతాడు. పిల్లలు ముఖ్యమైన మాటలు మాత్రం రాసుకుంటారు. ముగ్గురు నలుగురు కలిసి పేరాను తిరిగి నిర్మించి, అసలుతో పోల్చుకుంటారు. అరవై మంది ఉన్న తరగతిలో కూడా నల్లబల్ల, సుద్దముక్క తప్ప మరేమీ లేకుండా దీన్ని నడపవచ్చు.

> అచ్చుకూటంలో ఒక కుర్రవాడు
>
> బోస్టన్‌లో అన్నగారి అచ్చుకూటంలో పనివాడుగా చేరిన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు ‘స్పెక్టేటర్’ పత్రికా వ్యాసాల సంపుటం ఒకటి దొరికింది. అతడు ఒక్కొక్క వాక్యం భావాన్ని ముక్తసరిగా రాసుకొని, కొన్ని రోజులు పక్కన పెట్టి, తరవాత ఆ గుర్తుల ఆధారంగా వ్యాసాన్ని తన మాటల్లో తిరిగి రాసి, అసలుతో పోల్చి దిద్దుకొనేవాడు. తనకు పదాల నిల్వ చాలడం లేదని తెలుసుకొని, కథలను పద్యంలోకి మార్చి, మళ్లీ వచనంలోకి తెచ్చేవాడు. ఇదంతా అతడు తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. పెద్దగా బడిచదువు లేకుండానే గొప్ప వచన రచయితల్లో ఒకడుగా నిలిచాడు.

ఎదురెదురు పేజీల అసలు ఉపయోగం

ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్‌కు చదువు చెప్పిన రోజర్ ఆషమ్ రాసిన బోధనా గ్రంథం ఆయన మరణానంతరం 1570లో అచ్చయింది. లాటిన్ నేర్పడానికి ఆయన సూచించిన పద్ధతి చాలా సాదాది. విద్యార్థి సిసిరో లేఖలోని కొద్ది భాగాన్ని ఇంగ్లీషులోకి అనువదిస్తాడు. కనీసం ఒక గంట విరామం తరవాత, లాటిన్ పుస్తకం చూడకుండా, తన ఇంగ్లీషును తిరిగి లాటిన్‌లోకి మారుస్తాడు. గురువు రెండింటినీ పక్కపక్కన పెట్టి, మెచ్చుకుంటూ దిద్దుతాడు. దీనికి ఇరుగడల అనువాదమని పేరు పెట్టుకోవచ్చు.

ద్విభాషా పాఠ్యపుస్తకం చేతిలో ఉన్న తెలుగు విద్యార్థికి ఈ పద్ధతి కోసం కావలసిన సరంజామా అంతా ముందే అమరి ఉంది. విజ్ఞానశాస్త్ర పాఠంలో ఆవిరి మేఘమై వాన కురిసే వైనాన్ని తెలుగు పేజీలో చదివి అర్థం చేసుకున్న పిల్లవాడికి, ఎదుటి పేజీలోని ఇంగ్లీషు పేరాలో విషయం కొత్తది కాదు. కొత్తదల్లా భాష ఒక్కటే. ఆ పేరాను శ్రద్ధగా చదివి, మర్నాడు ఇంగ్లీషు పేజీని కప్పిపెట్టి, తెలుగు పేజీ చూస్తూ ఇంగ్లీషులో రాసి, తరవాత కప్పు తీసి పోల్చుకుంటే, తప్పులు దిద్దే గురువు పుస్తకంలోనే దొరుకుతాడు. ఎక్కడ ‘ది’ వదిలేశాడో, ఎక్కడ క్రియను చివరకు నెట్టాడో తన కళ్లతోనే చూసుకుంటాడు. రోజుకు నాలుగైదు వాక్యాలకు మించి పెట్టుకోనవసరం లేదు. పేజీలను ఎదురెదురుగా అచ్చు వేయడానికి ప్రభుత్వాలు వెచ్చించిన సొమ్ముకు ఇంతకన్నా మంచి వినియోగం కనిపించదు. పిల్లవాడు తెలుగు పేజీ మీదనే ఆగిపోతాడనీ, ఇంగ్లీషు పేజీని బట్టీపడతాడనీ వినవచ్చే రెండు ఫిర్యాదులకూ ఇదే సమాధానం కాగలదు.

ఇందుకు పరీక్ష కూడా కలిసి రావాలి. మాట వెతికి వాక్యం ఎత్తిరాసే ప్రశ్నల స్థానంలో, పేరాలో చెప్పకుండా వదిలిన సంగతిని అడిగే ప్రశ్న ఒక్కటి ఉన్నా తరగతి గదిలో చదువు తీరు మారుతుంది. రైతు భార్య ఎలాంటి మనిషి అని అడిగితే, ఎత్తిరాయడానికి పేరాలో ఒక్క వాక్యమూ దొరకదు. మొత్తం చదివినవాడే జవాబు చెప్పగలడు.

పెద్దవాళ్ల పేరాలు

బడి దాటిన తరవాత కూడా ప్యాసేజ్ వెంటాడుతూనే ఉంటుంది. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలో అది తప్పదు. విదేశీ చదువుల కోసం వేలాది తెలుగు యువతీయువకులు రాసే ఐఈఎల్‌టీఎస్‌లో పఠన విభాగానికి 60 నిమిషాలు, 40 ప్రశ్నలు ఉంటాయి. కోచింగ్ కేంద్రాలు ఇక్కడ కూడా ముందు ప్రశ్న చదివి తరవాత పేరాలో వెతకమనే చిట్కాను నేర్పుతాయి. గడియారంతో పోటీపడే పరీక్షలో ఆ చిట్కాకు చోటు ఉంది. భాష నేర్చుకొనే నెలల్లో దానికి చోటు లేదు.

సొంతంగా నేర్చుకొనే పెద్దలకు మంచి నమూనా ఎల్.జి. అలెగ్జాండర్ 1967లో వెలువరించిన ‘న్యూ కాన్సెప్ట్ ఇంగ్లీష్’. దాని రెండో భాగంలో 96 చిన్న పాఠాలు ఉన్నాయి. చాలావరకు చివర్లో చిన్న మలుపుతో ముగిసే ఆ కథనాల్లో, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క వ్యాకరణాంశం కథకు అడ్డురాకుండా ఇమిడి ఉంటుంది. చైనాలో కొన్ని తరాలవారు దీనితోనే ఇంగ్లీషు నేర్చుకున్నారు. ఆక్స్‌ఫర్డ్ బుక్‌వర్మ్స్ వంటి స్థాయీకృత పుస్తకాలు, అంటే ఇన్ని మాటలకు లోబడి రాయాలని ముందే హద్దు పెట్టుకున్నవి, మొదటి మెట్టులో 400 ముఖ్యపదాలతో మొదలై ఆరో మెట్టులో 2,500కు చేరుతాయి. కొనలేనివారికి ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన ‘స్టోరీవీవర్’ ఉంది. నాలుగు స్థాయిలుగా విభజించిన బొమ్మల కథలు అందులో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో చాలా కథలు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉన్నాయి.

ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాకపోతే

ఆంగ్ల మాధ్యమం వచ్చాక తల్లిదండ్రులు, ముఖ్యంగా కూలిపనులకు వెళ్లే తల్లులు, తమ బిడ్డ చదువులో తమకిక ఏ పాత్రా లేదని వెనక్కు తగ్గడం కనిపిస్తోంది. తెలుగు వాచకం అయితే పక్కన కూర్చొని వినేవారు. ఇంగ్లీషు పుస్తకం ముందు వారికి మాట పెగలదు. పేరాతో సాగే చదువు వారికి కూడా పని కల్పించగలదు. బిడ్డ ఆ రోజు చదివిన ఇంగ్లీషు పేరాలో ఏముందో తెలుగులో చెప్పమని అడగడానికి ఇంగ్లీషు రానక్కరలేదు. కథ సరిగా అతికిందో లేదో తల్లికి తెలుస్తుంది. కుండ దొరికితే ఇంటికెందుకు తెచ్చాడు, ఆవిడ ఏమంది, ఎవరు పాతిపెట్టారనుకుంది అని ఆమె అడిగే ప్రశ్నలు ప్రశ్నపత్రంలోని ప్రశ్నల కంటే లోతైనవి. జవాబు తడబడిన చోట పిల్లవాడు మళ్లీ పేరా తెరిచి చూడక తప్పదు. మర్నాడు బడిలో ఉపాధ్యాయుడు పుస్తకం మూయించి అదే కథను ఇంగ్లీషులో రాయమంటే, రాత్రి తల్లికి చెప్పిన తెలుగు ఆ రాతకు ఆధారంగా నిలుస్తుంది.